సముద్రపు చేపపై వెలిగే బాక్టీరియాను కర్నూలులో చూడటం ఎలా

కర్నూలుకు సముద్రం 200 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా ఐసు పెట్టెల్లో మన బజారుకు వచ్చే సముద్రపు చేప తన ఒంటి జిగురులోను, మొప్పల్లోను, పేగుల్లోను కడలి నీటి బాక్టీరియాను వెంట తెచ్చుకుంటుంది. వాటిలో కొన్ని చీకట్లో నీలిపచ్చ వెలుగునిస్తాయి. ఆ వెలుగును ఇంట్లోనో, కళాశాల ప్రయోగశాలలోనో మన కళ్లతో మనమే చూడవచ్చు. తుంగభద్రలో పట్టిన బొచ్చె, రోహు ఈ పనికి రావు. కానగంతలు, కవళ్లు వంటివి కావాలి, స్క్విడ్ దొరికితే ఇంకా మంచిది.

చేప కొనేటప్పుడే సగం ఫలితం తేలిపోతుంది. పొలుసు తీయవద్దని, కడగవద్దని, కోయవద్దని అమ్మేవారికి ముందే చెప్పాలి. నేను మొదటిసారి అలవాటు కొద్దీ చేపను కుళాయి కింద శుభ్రంగా కడిగి, మూడు రాత్రులు చీకట్లో కూర్చున్నా ఒక్క చుక్క కూడా వెలగలేదు. కారణం తర్వాత అర్థమైంది. ఈ జీవులు ఉప్పునీటికి అలవాటు పడినవి. మంచినీరు తగిలితే ఆ నీరు వాటి కణాల్లోకి చొరబడి, కణాలు ఉబ్బి పగిలిపోతాయి. కరిగిన ఐసు నీటిలో చాలాసేపు నానిన చేపనూ ఇందుకే వదిలేయాలి.

కాచి చల్లార్చిన లీటరు నీటిలో 30 గ్రాముల కల్లుప్పు కరిగించండి. వెడల్పాటి పళ్లెంలో చేపను పడుకోబెట్టి, సగం ఒళ్లు మునిగి సగం గాలికి ఉండేలా ఆ నీరు పోయండి. గాలి తప్పనిసరి, ఎందుకంటే ల్యూసిఫరేజ్ అనే ఎంజైము ఆక్సిజన్ లేనిదే వెలుగును పుట్టించలేదు. పైన మూత వదులుగా పెట్టి, 20 డిగ్రీల చుట్టూ ఉండే చోట ఉంచాలి. మన ఊళ్లో ఇదే కష్టమైన భాగం. మే నెలలో 40 డిగ్రీలు దాటే గదిలో చేప కుళ్లుతుంది తప్ప వెలగదు. డిసెంబరు, జనవరి రాత్రులు అనువైనవి. మిగతా నెలల్లో పెద్ద మట్టితొట్టిలో తడి ఇసుక పోసి, దాని మీద పళ్లెం పెట్టి, చుట్టూ తడి గోనె సంచి కప్పితే కొంత చల్లదనం నిలుస్తుంది.

ఒక పగలు, ఒక రాత్రి గడిచాక చూడటం మొదలుపెట్టండి. కిటికీలు మూసి, ఫోను పక్కన పెట్టి, చీకటిలో కనీసం 15 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. కన్ను చీకటికి అలవాటు పడనిదే ఈ వెలుగు ఆనదు. సూటిగా కాకుండా కొంచెం పక్కకు చూస్తే మసక వెలుగు బాగా తెలుస్తుంది. ముందుగా మొప్పల కప్పు అంచున, కంటి చుట్టూ సూదిమొనంత చుక్కలు కనిపిస్తాయి. మొదట తెల్లటి బూడిద రంగులో ఉన్నట్టు తోచినా, అవి పెరిగి ఒకదానితో ఒకటి కలిసేకొద్దీ నీలిరంగు తేలుతుంది. మూడో రోజుకు కుళ్లబెట్టే ఇతర బాక్టీరియా పైచేయి సాధించి వెలుగు తగ్గిపోతుంది.

చేప చర్మం మీద ఇవి కేవలం అద్దెకున్నట్టు ఉంటాయి. కొన్ని జీవులు మాత్రం వీటికి ఒంట్లో ప్రత్యేకంగా గది కట్టి ఇచ్చాయి. వెండిలా మెరిసే పల్చటి కార చేపల్లో అన్నవాహిక చుట్టూ ఉండే అవయవంలో ఫోటోబాక్టీరియం లియోగ్నాతి అనే వెలిగే బాక్టీరియా నివసిస్తుంది. హవాయి తీరపు బాబ్‌టెయిల్ స్క్విడ్ బొటనవేలంత జీవి. పుట్టినప్పుడు దాని దగ్గర బాక్టీరియా ఉండదు. చుట్టూ ఉన్న నీటిలోంచి విబ్రియో ఫిషెరీ అనే వెలిగే బాక్టీరియాను కొద్ది గంటల్లోనే ఏరి చేర్చుకుంటుంది. రాత్రి వేటలో పొట్ట కింద వెలుగు చిమ్మి, వెన్నెలలో తన నీడ, కింద ఉన్నవాటికి కనబడకుండా చేసుకుంటుంది. తెల్లవారగానే సుమారు 95 శాతం బాక్టీరియాను బయటికి వదిలేస్తుంది, మిగిలినవి సాయంత్రానికి మళ్లీ నిండుతాయి. ఈ బాక్టీరియా పలచగా ఉన్నప్పుడు వెలగవు. గుంపు చిక్కబడి, అవి విడిచే రసాయన సంకేతం తగినంత పోగుపడితేనే వెలుగుతాయని 1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ అనే శాస్త్రవేత్తలు తెలిపారు. నాకు ఈ విషయమంతటిలో అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఇదే.

ఓపిక ఉన్నవారు వీటిని విడిగా పెంచవచ్చు. చేప ఉడికించి వడకట్టిన 100 మిల్లీలీటర్ల నీటిలో 3 గ్రాముల ఉప్పు, కిరాణా కొట్లో దొరికే చైనా గ్రాస్ (నీటిని గడ్డకట్టించే అగార్) సుమారు 2 గ్రాములు, రెండు మూడు చుక్కల గ్లిజరిన్ కలిపి, ప్రెషర్ కుక్కర్‌లో 20 నిమిషాలు ఉంచి, మూత ఉన్న గాజు పళ్లేల్లో పోయాలి. అది గడ్డకట్టాక, మంటలో కాల్చి చల్లార్చిన సూదితో వెలిగే చుక్కను తాకి గీతలు గీయండి. వాటిలో వెలిగే బొట్టును ఇంకో పళ్లెంలోకి మార్చితే పెంపకం శుద్ధమవుతుంది. చైనా గ్రాస్ లేకుండా అదే నీటిని సీసాలో సగం పోసి పెంచితే, కదలకుండా ఉన్నప్పుడు నీటి పైఅంచు మాత్రమే వెలుగుతుంది. సీసాను ఒక్కసారి కుదిపితే లోపలికి గాలి అంది, నీరంతా భగ్గుమంటుంది. మెరిసే చేపకూ, మెరిసే కట్టెకూ గాలి కావాలని శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ గాలిని తోడేసే పంపుతో 1668లోనే చూపాడు.

ఈ చేపను ఎట్టి పరిస్థితుల్లోనూ వండకండి, పిల్లికి కూడా పెట్టకండి. విబ్రియో బాక్టీరియా జాతుల్లో గాయాల గుండా ఒంట్లో చేరి ప్రాణం మీదికి తెచ్చేవీ ఉన్నాయి కనుక, చేతికి చిన్న గీరు ఉన్నా గ్లవ్స్ వేసుకోవాలి, పిల్లల పక్కన పెద్దలు ఉండాలి. ముగిశాక చేపను, పళ్లేలను, సీసాలను బ్లీచింగ్ పౌడరు కలిపిన నీటిలో ఒక రాత్రి నానబెట్టి, చేపను లోతుగా పాతిపెట్టి, గాజు సామానును సబ్బుతో కడగండి.