జర్మనీ చదువుల మీద మూడు నిమిషాల సరదా వీడియో తీయాలంటే

జర్మనీలో చదువుకునే మనవాళ్లు తీసే వీడియోల్లో చాలావాటికి ఒకటే జబ్బు, అన్నీ చెప్పేయాలనుకోవడం. వీసా, మంచు, వంట, పార్ట్‌టైమ్ ఉద్యోగం అన్నీ కుక్కితే నవ్వు దేనికీ రాదు. మూడు నిమిషాలకి మూడు సన్నివేశాలు చాలు. ఒక్కోదాంట్లో అక్కడి పద్ధతి ఒకటి, దానికి అడ్డం తిరిగే మన అలవాటు ఒకటి ఉండాలి. తికమకపడేది ఎప్పుడూ మనవాడే అవ్వాలి. జర్మన్లని వెక్కిరిస్తే క్లాసులో పక్కన కూర్చునేవాళ్లకి ఆ వీడియో చూపించలేరు.

ఖాళీ బాటిల్ సంగతే చూడండి. అక్కడ వాడి పారేసే ప్లాస్టిక్ బాటిల్‌లో నీళ్లు కొంటే 25 సెంట్ల డిపాజిట్ కలిపి తీసుకుంటారు, దాన్నే ఫాండ్ అంటారు. సూపర్ మార్కెట్‌లోని మెషిన్‌కి బాటిల్ తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. మన దగ్గరేమో వాడాక నలిపి పారేయమని బాటిల్ మీదే రాసి ఉంటుంది. మనవాడు అలవాటు కొద్దీ నలిపేస్తాడు, బార్‌కోడ్ చదవలేక మెషిన్ దాన్ని వెనక్కి తోస్తుంది. మొదట హాస్టల్ వంటగదిలో బాటిల్ నలిపే చేతుల క్లోజప్, రెండు సెకన్లు. తర్వాత మెషిన్ గుండ్రటి నోట్లో బాటిల్‌ని అడుగు వైపు నుంచి పెట్టడం, అది బయటికి రావడం, మళ్లీ పెట్టడం, మళ్లీ రావడం. మూడోసారి నోటితో గాలి ఊది దాన్ని ఉబ్బించాలి. వెనకాల రెండు సంచుల నిండా సీసాలతో ఒక మనిషి ఓపిగ్గా నిలబడి ఉండాలి, ఆ వేషం మీ స్నేహితుల్లో ఒకరికి ఇవ్వండి. చివర 25 సెంట్ల రసీదు క్లోజప్, చదివేంతసేపు. మొత్తం మీద ఒక్క డైలాగూ అక్కర్లేదు. బాటిల్ నలిగే చప్పుడూ మెషిన్ గరగరా మాత్రం దగ్గరగా ఇంకో ఫోన్ పెట్టి విడిగా రికార్డు చేసుకోండి. వాటి మీద మ్యూజిక్ పోస్తే జోకు చచ్చిపోతుంది.

రెండోది ఆదివారం, ఆ రోజు అక్కడ కొట్లు మూసేస్తారు. శనివారం రాత్రి అమ్మతో ఫోన్‌లో "పెరుగు రేపు తెచ్చుకుంటాలే" అంటాడు. ఆదివారం సూపర్ మార్కెట్ తలుపు ముందు నిలబడితే అది తెరుచుకోదు. పెద్ద రైల్వే స్టేషన్లలో కొట్లు తెరిచి ఉంటాయి కాబట్టి, పెరుగు డబ్బాతో రైలు దిగడం ఇక్కడ మంచి ముగింపు. తీయడానికి ఇదే తేలిక, జనం ఉండరు.

మూడోది ఖర్చుల మీద పెట్టండి, ఇంట్లోవాళ్లు అడిగేది అదే కదా. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ముందే డబ్బు వేసి నెలకింత చొప్పునే తీసుకోగలిగే ఖాతాలో, చూపాల్సిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకి 992. అంతకుముందు అది 11,208. ఇలా మారుతూ ఉంటుంది కాబట్టి అంకె పక్కనే నెల, సంవత్సరం తెర మీద వేయండి. లేకపోతే రెండేళ్ల తర్వాత ఎవరో అదే నమ్మి లెక్క వేసుకుంటారు.

అనుమతులు ముందే తీసుకోవాలి. ముఖం గుర్తుపట్టేలా ఉన్న మనిషిని అడగకుండా ప్రచురించకూడదని అక్కడ 1907 నాటి చట్టమే ఉంది. ప్రైవేటు మాటల్ని తెలియకుండా రికార్డు చేయడమైతే క్రిమినల్ నేరం, కాబట్టి ప్రాంక్ ఆలోచనలు మానుకోండి. సూపర్ మార్కెట్ లోపల తీయాలంటే మేనేజర్ ఒప్పుకోవాలి. శనివారం రద్దీలో కాకుండా వారం మధ్యలో పొద్దున్నే వెళ్లి అడగండి. యూనివర్సిటీ క్యాంటీన్, అంటే మెన్సా, సాధారణంగా యూనివర్సిటీది కాదు, స్టుడీరెండెన్‌వెర్క్ అనే విద్యార్థి సేవల సంస్థ నడుపుతుంది. చాలామంది ప్రొఫెసర్ని అడిగి సరిపెట్టుకుని, తీరా అక్కడికెళ్లాక ఆగిపోతారు.

ఫోన్‌లో సెకనుకి 25 ఫ్రేములు, షటర్ స్పీడు సెకనులో 1/50 వంతు పెట్టండి. అక్కడి కరెంటు 50 హెర్ట్జ్, ఫోన్ తనంతట తాను 1/60 ఎంచుకుంటే ట్యూబ్‌లైట్ కింద చారలు పాకుతాయి. ఫోన్ కెమెరాలో ఈ సెట్టింగులు లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగా దొరుకుతుంది. డిసెంబరులో బెర్లిన్‌లో నాలుగు లోపే పొద్దుగూకుతుంది, బయటి షాట్లు మధ్యాహ్నానికల్లా ముగించండి. చలికి బ్యాటరీ తొందరగా పడిపోతుంది, ఫోన్‌ని లోపలి జేబులో ఉంచండి. వెచ్చటి గదిలోకి రాగానే లెన్స్‌కి ఆవిరి పడుతుంది, ఓ పది నిమిషాలు ఆగి మొదలుపెట్టండి.

తెలుగు సబ్‌టైటిళ్ల దగ్గర కొన్ని ఎడిటింగ్ యాప్‌లు ఒత్తుల్ని విడగొట్టేస్తాయి. యూట్యూబ్‌కి ఎస్‌ఆర్‌టీ ఫైలుగా, అంటే మాటలూ అవి తెర మీద కనపడాల్సిన సమయాలూ ఉండే ఫైలుగా, విడిగా ఎక్కిస్తే ఆ గొడవ లేదు, ఇంగ్లిష్‌ది ఇంకొకటి జతచేయొచ్చు. కానీ ఊళ్లో బంధువులు చూసేది వాట్సాప్‌లో, అక్కడ అక్షరాలు వీడియోలోనే ఉండాలి. అందుకని ఆ వాక్యాల్ని ఒత్తులు సరిగ్గా వచ్చే వేరే యాప్‌లో వెనక రంగు లేని బొమ్మలుగా చేసి పైన అతికించండి. మంచు మీద తెల్ల అక్షరాలు కనపడవు, వెనక నల్ల పట్టీ వేయండి. సినిమా పాట వాడితే కాపీరైట్ క్లెయిమ్ ఖాయం, యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో వెతుక్కోండి. ఎక్కించాక మేనేజర్‌కి లింకు పంపడం మర్చిపోకండి, వచ్చే ఏడు మీ జూనియర్లు అడగబోయేది ఆయన్నే.