తుపాను యాప్ కోడ్ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

అక్టోబరు వచ్చేలోపు తుపాను బాధితులకు సాయం అందించే ఓపెన్ సోర్స్ యాప్ (కోడ్‌ను ఎవరైనా చూసి వాడుకోగలిగేది) ఒకటి సిద్ధం చేయాలని విశాఖలో మీ బృందం అనుకుందనుకుందాం. అసలు ప్రమాదం మొదటి వారంలోనే ఉంది. ఎవరో ఒకరు రాత్రికి రాత్రే కోడ్ రాసి రిపోలో, అంటే బృందం కోడ్ అంతా ఉండే ఉమ్మడి చోట, పెట్టేస్తారు. తెల్లారేసరికి అదే డిజైన్ అయి కూర్చుంటుంది. పనిచేస్తున్న కోడ్ కళ్లముందు ఉంటే ఇంకో దారి ఉందని చెప్పడానికి మొహమాటం అడ్డొస్తుంది. తర్వాత చేరేవాళ్లంతా దానిమీదే కట్టుకుంటూ పోతారు.

కాబట్టి కనీసం రెండు డిజైన్లు కాగితం మీదకు వచ్చేదాకా మెయిన్ బ్రాంచిలో, అంటే రిపోలోని అసలు కోడ్ ప్రతిలో, ఒక్క లైను కూడా చేర్చకండి. రెండోది పేరుకు పెట్టిన డమ్మీ కాకూడదు. దాన్ని నిజంగా నమ్మే మనిషి చేతే రాయించండి.

రాశాక రెండింటినీ హుద్‌హుద్ రోజుకు పెట్టి చూడండి. 2014 అక్టోబరు 12న అది విశాఖ దగ్గర తీరం దాటాక కరెంటు, సెల్ సిగ్నళ్లు రోజుల తరబడి లేవు. మొదటి డిజైన్‌లో సమాచారమంతా సర్వర్‌లోనే ఉంటుందనుకోండి. పెదజాలరిపేటలో వలంటీరు ‘ఈ వీధిలో 12 ఇళ్లకు నీళ్లు కావాలి’ అని నొక్కుతుంది. సిగ్నల్ లేదు, చక్రం తిరుగుతూనే ఉంటుంది. రెండో డిజైన్ ఆ మాటను ఫోన్‌లోనే దాచి, సిగ్నల్ దొరికాక పంపుతుంది. బాగుంది. కానీ అదే వీధికి ఇంకో వలంటీరు 8 ఇళ్లని రాశాడు. రెండూ సాయంత్రం ఒకేసారి చేరాయి. వెనక వచ్చింది ముందుదాన్ని చెరిపేస్తే నాలుగిళ్లు లెక్కలోంచి పోవచ్చు. రెండూ కలిపితే అవసరం లేని ట్యాంకరు వెళ్తుంది. ఈ చిక్కు కోడ్ రాశాక బయటపడితే డేటాబేస్ మొత్తం తిరగరాసుకోవాలి. నా మొగ్గు రెండోదానివైపే. అయితే ఏ రిపోర్టునూ చెరపకుండా, ఎవరు ఎప్పుడు రాశారో దాంతోపాటే ఉంచి, తేడా ఉన్నచోట మనిషే తేల్చేలా ఉండాలి.

వాదన తెగకపోతే వేరే బ్రాంచిలో చిన్న ప్రోటోటైప్ (నమూనా) చేసి, రెండు ఫోన్లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి పరీక్షించండి. చూడాల్సింది చూశాక ఆ బ్రాంచి తీసేయండి. ‘బాగానే పనిచేస్తోందిగా’ అని మెయిన్‌లోకి లాక్కురావద్దు.

వద్దనుకున్న డిజైన్‌ను, ఎందుకు వద్దనుకున్నారో రాసి రిపోలోనే ఉంచండి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో మార్పులు ప్రతిపాదించే పెప్ పత్రాల్లో తిరస్కరించిన ఆలోచనలకు విడిగా ఒక విభాగం ఉంటుంది. రస్ట్ అనే ఇంకో భాషకు అలాంటివే అయిన ఆర్‌ఎఫ్‌సీ పత్రాల్లోనూ లోపాలు, ప్రత్యామ్నాయాలు రాయాల్సిందే. లేకపోతే కొత్తగా వచ్చిన ప్రతివాళ్లతో అదే వాదన మళ్లీ మొదలవుతుంది.

చర్చకు గడువు పెట్టండి, ఆఖరి మాట ఎవరిదో ముందే అనుకోండి. కోడ్‌ను ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ కూడా అప్పుడే తేల్చండి, తర్వాత మార్చాలంటే కోడ్ ఇచ్చినవాళ్లందరినీ అడగాల్సి రావచ్చు.

ఇంకొక్కటి. ఫోన్‌లో దాచే డిజైన్ ఎంచుకుంటే బాధితుల పేర్లు, నంబర్లు వలంటీర్ల ఫోన్లలో ఉండిపోతాయి. ఫోన్ పోతే ఏమిటి? ఎన్ని రోజులకు చెరిపేయాలి? ఆ రెండు జవాబులూ డిజైన్ పత్రంలో ఉన్నాకే కోడ్‌కు కూర్చోండి.