నొప్పి మాత్ర వేసుకునే ముందు: ఊడ్పులు, కొబ్బరి ఒలుపు పనుల్లో వచ్చే నొప్పుల్ని గుర్తుపట్టడం

నడుం పట్టేసినా, మోకాలు వాచినా, వేళ్లు బిగుసుకున్నా ఒకే మాత్ర మింగి చేలోకి దిగితే అసలు జబ్బు బయటపడదు. నొప్పి పొద్దున్న ఎక్కువా, పని చేశాక ఎక్కువా? ఒకచోటే ఉందా, కిందికి పాకుతోందా? జ్వరం ఉందా? ముందు ఇవి చూసుకోండి.

సార్వా ఊడ్పుల్లో గంటల తరబడి వంగి ఉండటం వల్ల నడుం కండరాలు అలిసి పట్టేస్తాయి. ఈ నొప్పి నడుం దాటి పెద్దగా పోదు, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. మంచం పట్టక్కర్లేదు. మెల్లగా నడుస్తూ, 15 నిమిషాలు వేడినీళ్ల కాపడం పెట్టుకుంటే చాలు. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారి నరాన్ని నొక్కితే మాత్రం పిర్ర నుంచి పిక్క, పాదం దాకా కరెంటు కొట్టినట్టు లాగుతుంది, దగ్గితే ఇంకా ఎక్కువవుతుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా మడమ పట్టుకుని కాలు నెమ్మదిగా ఎత్తండి. 30 నుంచి 70 డిగ్రీల మధ్య నొప్పి మోకాలి కిందికి పాకితే సయాటికా (నరం నొక్కుకుని కాల్లోకి పాకే నొప్పి) అని అనుమానించాలి. తొడ వెనక మాత్రమే లాగితే అది చాలావరకు కండరం బిగుతే.

మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ సాధారణ ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు.

మోకాళ్ల అరుగుదలలో పొద్దున్నపూట బిగుతు అరగంటలోపే వదులుతుంది. మెట్లెక్కినా, గొంతుక్కూర్చున్నా నొప్పి పెరుగుతుంది. కుర్చీలో కూర్చుని కాలు చాపి 5 సెకన్లు నిలపండి. ఒక్కో కాలికి 10 సార్లు, రెండు పూటలా. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది.

రెండు చేతుల వేళ్ల కణుపులూ వాచి, పొద్దున్నే గంటసేపు పిడికిలి బిగియకపోతే అది అరుగుదల కాదు, రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు. ఆడవాళ్లలోనే ఎక్కువ. కీళ్లు వంకర్లు పోకముందే మందు మొదలుపెట్టాలి. వెంటనే గుణమిచ్చే పేరులేని పొడుల జోలికి పోవద్దు. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటే ఎముకలు గుల్లబారతాయి, ఉన్నట్టుండి మానేసినా ప్రమాదమే.

అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే అది చాలావరకు గౌట్, అంటే యూరిక్ యాసిడ్ కీలులో పేరుకుని వచ్చే వాపు. మద్యం, రొయ్యలు, వేటమాంసం ఎక్కువైనవాళ్లలో తరచూ తిరగబెడుతుంది. నొప్పి ఉన్న రోజుల్లో యూరిక్ యాసిడ్ పరీక్ష మామూలుగా రావచ్చు, అంతమాత్రాన గౌట్ కాదనుకోకండి. ఒక్క కీలు వేడెక్కి వాచి జ్వరం కూడా ఉంటే కీలులో చీము పట్టి ఉండొచ్చు, అదే రోజు చూపించాలి.

కొబ్బరి ఒలిచేవాళ్లకు మోచేతి బయటివైపు నొప్పి వస్తుంది. కొన్నాళ్లు పని తగ్గించడమే దీనికి మొదటి వైద్యం.

జ్వరంతో ఒళ్లునొప్పులుంటే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోవద్దు. డెంగీ అయితే రక్తస్రావం, ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అయితే కిడ్నీ దెబ్బ. పిక్కలు ముట్టుకోనీయనంత నొప్పిగా ఉండి, కళ్లు ఎర్రబడితే చేలో నీళ్లలో దిగిన సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.