గ్లైడర్‌లో గాలి అంకె నమ్మే ముందు

మన శ్రీకాకుళం నుంచి గ్లైడింగ్, అంటే ఇంజిన్ లేని విమానం నడపడం, నేర్చుకోడానికి వెళ్తున్న తమ్ముళ్లూ, జీపీఎస్ కంప్యూటర్ చూపించే గాలి అంకెని గుడ్డిగా నమ్మకండి. అది గాలిని నేరుగా కొలవదు, మీరు థర్మల్‌లో, అంటే పైకి లేచే వేడిగాలిలో, చుట్లు కొడుతుంటే నేల మీది వేగం ఎటు తిరిగినప్పుడు పెరిగింది, ఎటు తగ్గింది అని చూసి లెక్క కడుతుంది. ఎక్కువ 110, తక్కువ 70 వచ్చాయనుకోండి, తేడాలో సగం, అంటే గాలి గంటకి 20 కిలోమీటర్లు. అందుకే స్పీడూ రెక్కల వాలూ మార్చకుండా రెండు మూడు పూర్తి చుట్లు కొట్టాలి. థర్మల్ మధ్య కోసం అటూ ఇటూ జరుగుతూ కొట్టిన చుట్టుతో లెక్క చెడుతుంది.

ఆ అంకె ఏ ఎత్తులో, ఎంతసేపటి క్రితం వచ్చిందో కూడా చూడండి. మధ్యాహ్నం కళింగపట్నంలో కింద సముద్రపు గాలి తోస్తున్నా పైన మబ్బులు వేరే దిక్కుకి పోతుంటాయి కదా, అలాంటప్పుడు పైన పట్టిన గాలితో ఆఖరి గ్లైడ్, అంటే దిగడానికి రన్‌వే దాకా జారుకుంటూ వెళ్లడం, లెక్కేసుకుంటే రన్‌వేకి ఎత్తు చాలకపోవచ్చు.