పెనం కడిగేయకండి, సాస్ అందులోనే ఉంది

మా కోనసీమలో ఆదివారం కోడి వేపుడు అయ్యాక ఇంట్లో గొడవ ముక్కల కోసం కాదండి, మూకుడు కోసం. అందులో వేడన్నం వేసి, అడుగున అంటుకున్నదంతా గీకి కలుపుకుని తింటే ఆ రుచే వేరు. పాన్ సాస్ అంటే ఇంచుమించు అదే, అన్నం బదులు కాసిని నీళ్ళు పోస్తాం.

ఇద్దరికి 300 గ్రాముల బోన్‌లెస్ లెగ్ ముక్కలు చాలు. స్కిన్ ఉంచమని షాపులో ముందే చెప్పండి, లేదంటే మనం నోరు తెరిచేలోపే లాగి పారేస్తారు. ఉప్పు, మిరియాల పొడి రాసి అరగంట వదిలేయండి. అల్లం వెల్లుల్లి ముద్ద, కారం పట్టించాలని చెయ్యి లాగుతుంది, వద్దు, అవి ముక్క కన్నా ముందే మాడిపోతాయి. పెనం మీద వేసేముందు టిష్యూతో తడి లేకుండా అద్దాలి, తడి ఉంటే ముక్క వేగదు, ఉడుకుతుంది, అడుగున ఏమీ అంటదు, అంటకపోతే సాస్ లేనట్టే. నాన్‌స్టిక్ పనికిరానిదీ ఇందుకే. స్టీలుదో ఇనుపదో తీసుకోండి.

ఒక చెంచా నూనె వేసి, స్కిన్ కిందకి పెట్టి, మధ్యస్థం మంట మీద ఏడెనిమిది నిమిషాలు కదపకుండా వదిలేయండి. వేగితే దానంతటదే ఊడొస్తుంది. తిప్పి ఇంకో అయిదు నిమిషాలు. లావుగా ఉన్నచోట కోసి చూస్తే లోపల ఎరుపు కనపడకూడదు. తీసి పళ్ళెంలో పెట్టేయండి.

ఇప్పుడు పెనం చూడండి. అడుగు బెల్లం రంగులో ఉందా, బంగారం. బొగ్గులా ఉందా, కడిగేసుకోండి, ఎంత చేసినా చేదు పోదు. స్కిన్‌లోంచి కరిగిన కొవ్వు కూడా చేరి ఉంటుంది కాబట్టి నూనె ఒక చెంచా ఉంచి మిగతాది వంపేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ సగం, వెల్లుల్లి రెండు రెబ్బలు వేసి నిమిషం వేయించండి. తర్వాత అరగ్లాసు కొబ్బరి నీళ్ళు. బొండాం అక్కర్లేదు, పచ్చడికి కొట్టిన ముదురు కాయ నీళ్ళే, మామూలుగా పారబోసేవి. చుయ్‌మని పొంగుతుంది, ఆ పొంగులోనే చెక్క అట్లకాడతో అడుగంతా గీకాలి. పళ్ళెంలో ఊరిన రసం కూడా ఇందులోకే. మూడు నాలుగు చెంచాలు మిగిలేదాకా మరగనివ్వండి. అట్లకాడతో గీత గీస్తే ఒక్క క్షణం నిలబడి మూసుకోవాలి, అదీ లెక్క.

స్టవ్ కట్టేసి ఒక చెంచా చల్లటి వెన్న వేసి పెనం గుండ్రంగా ఊపండి. మంట మీద వేస్తే వెన్న విరిగి నూనె పైకి తేలుతుంది. ఉప్పు అప్పుడు చూడండి, ముందే వేస్తే మరిగేసరికి కషాయం అవుతుంది. చివర నిమ్మరసం నాలుగు చుక్కలు. నేనొకసారి తెలివి చూపించి ఇనుప పెనంలో చింతపండు పులుసు పోసి మరిగించాను, సిరాలా నల్లబడి ఇనుము వాసన కొట్టింది, మొత్తం పారబోశాను.

సాస్ పళ్ళెంలో పోసి ముక్క దాని మీద పెట్టండి. పైనుంచి పోస్తే కరకరలాడే స్కిన్ కాస్తా అయిదు నిమిషాల్లో నానిపోతుంది.