స్నోమొబైల్ స్లైడ్లు, ట్రాక్ ఎక్కువ కాలం మన్నాలంటే ఏం చేయాలి?

స్నోమొబైల్ అంటే మంచు మీద నడిచే బండి. దాన్ని ముందుకు నెట్టేది వెనుక తిరిగే వెడల్పాటి రబ్బరు పట్టా, అదే ట్రాక్. బండి వెనుక భాగాన్ని పైకెత్తి ట్రాక్ లోపలికి తొంగి చూస్తే రెండు పొడవాటి అల్యూమినియం రెయిల్స్ కనిపిస్తాయి. వాటి అడుగు అంచుకు తొడిగిన ప్లాస్టిక్ పట్టీలే స్లైడ్లు. విడిభాగాల షాపులో హైఫాక్స్ అని అడిగినా ఇవే ఇస్తారు. ట్రాక్ లోపలి వైపు బిగించిన ఉక్కు క్లిప్పులు ఈ పట్టీల మీద జారుతూ పోతాయి. 121 అంగుళాల ట్రాక్‌లో 2.52 అంగుళాలకు ఒకటి చొప్పున 48 వరుసలుంటాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు 350 వరుసలు స్లైడ్ కింద నుంచి దూసుకుపోతాయి.

అంత రాపిడిని తట్టుకోవాలంటే స్లైడ్‌కు మంచు అందుతూ ఉండాలి. క్లిప్పులతో పాటు లోపలికి వచ్చే మంచు కరిగి పల్చటి నీటి పొరగా మారుతుంది. కందెన అదే, చల్లదనం కూడా అదే. స్లైడ్లు అల్ట్రా హై మాలిక్యులర్ వెయిట్ పాలిథిలిన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. ఇది గట్టిదే గానీ 130 డిగ్రీల సెల్సియస్ దాటితే కరిగిపోతుంది. మంచు అందకపోతే రాపిడి వేడి ఆ హద్దును ఇట్టే దాటేస్తుంది. స్లైడ్లు త్వరగా పోయాయంటే చాలాసార్లు తప్పు ప్లాస్టిక్‌ది కాదు. మంచు అందకపోవడమో, ట్రాక్ మరీ బిగువుగా ఉండటమో అసలు కారణం.

మిన్నెసోటా, మిషిగన్, ఒంటారియో వైపు స్థిరపడి సెకండ్ హ్యాండ్ బండి కొనాలనుకునే తెలుగువాళ్లు ఇంజిన్ చప్పుడు విని, సీటు చూసి బేరం కుదుర్చుకోకండి. ముందు వెనుక భాగం పైకెత్తించి స్లైడ్లు చూడండి. బండిని ఎలా వాడారో అవే చెప్పేస్తాయి.

అరుగుదల కొలవడం

సీజన్ మొదలయ్యే ముందు ఒకసారి, ఆ తర్వాత ప్రతి వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి కొలవండి. మంచు పల్చగా పడిన ఏడాది అయితే ఇంకా తరచుగా చూడాలి.

బండిని చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేసి, వెనుక భాగాన్ని స్టాండ్ మీదికి ఎత్తండి. స్లైడ్ల మీది మంచు, బురద తుడిచేయండి. చాలా స్లైడ్ల పక్క భాగంలో అరుగుదల హద్దును చూపే గీత ఉంటుంది. ఆ గీత దాకా ఏ ఒక్క చోట అరిగినా స్లైడ్ మార్చాల్సిందే. గీత లేకపోతే వెర్నియర్ కాలిపర్‌తో పక్క నుంచి మొత్తం ఎత్తు కొలవండి. స్నోమొబైల్ కంపెనీ పొలారిస్ మాన్యువళ్లలో చెప్పే హద్దు 7/16 అంగుళం, అంటే సుమారు 11 మి.మీ. మిగతా కంపెనీల హద్దు మీ మోడల్ మాన్యువల్‌లో చూసుకోండి.

ఒక్క చోట కొలిచి ఊరుకోవద్దు. ముందు వంపు నుంచి వెనుక కొస వరకు 15 సెంటీమీటర్లకు ఒక కొలత తీసి, రెండు స్లైడ్లవీ కాగితం మీద రాసుకోండి. ఎక్కడ అరిగిందో తెలిస్తే ఎందుకు అరిగిందో తెలుస్తుంది.

ముందు వంపు దగ్గర మాత్రమే పల్చబడితే, సాధారణంగా ట్రాక్ బిగువు ఎక్కువైందని అర్థం. లేదా ముందు సస్పెన్షన్ బరువంతా ఆ వంపు మీదే మోపుతోంది. రెండు స్లైడ్లలో ఒకటే ఎక్కువ అరిగితే ట్రాక్ ఒక పక్కకు లాగుతోంది. మధ్యలో ఒకచోట గుంట పడితే ఆ దగ్గర ట్రాక్ లోపల తిరిగే చిన్న చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. దాని బేరింగ్ బిగుసుకుపోయి గానీ, చక్రం రబ్బరు అరిగిపోయి గానీ ఉంటుంది. అది మోయాల్సిన బరువంతా స్లైడ్ మీద పడుతోందన్నమాట. అడుగు భాగం గాజులా మెరుస్తూ, అంచుల్లో ప్లాస్టిక్ పొరలుగా వేలాడుతుంటే అది అరగలేదు, కరిగింది. క్లిప్పుల మీద కూడా ఆ ప్లాస్టిక్ మరకలు కనిపిస్తాయి.

హద్దు దాటినా నడిపితే క్లిప్పులు ప్లాస్టిక్‌ను తినేసి అల్యూమినియాన్ని కోయడం మొదలెడతాయి. కోత పడిన రెయిల్ మీద కొత్త స్లైడ్ సరిగ్గా కూర్చోదు. స్లైడ్ల జతకయ్యే ఖర్చు, రెయిల్స్ మార్చడానికయ్యే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. ఇక్కడ పొదుపు చేయకండి.

స్లైడ్లు మార్చడం

ఈ పని ఇంట్లోనే చేసుకోవచ్చు. కావలసినవి: కొత్త స్లైడ్ల జత, స్క్రూకు తగిన పానా, సన్నటి ఆకురాయి, చెక్క ముక్క, సుత్తి, సబ్బునీళ్లు లేదా సిలికాన్ స్ప్రే. కొత్త స్లైడ్లను ముందురోజు రాత్రే ఇంట్లో వెచ్చటి చోట పెట్టండి. గడ్డకట్టే చలిలో ఉన్న ప్లాస్టిక్ బిర్రబిగుసుకుపోయి రెయిల్ ఎక్కనని మొరాయిస్తుంది.

1. వెనుక భాగం స్టాండ్ మీద నిలబెట్టి, వెనుక ఇరుసు బోల్టు వదులు చేసి, రెండు పక్కల సర్దుబాటు బోల్టులను వెనక్కి తిప్పి ట్రాక్ బిగువు పూర్తిగా తీసేయండి. ఎన్ని చుట్లు తిప్పారో లెక్క రాసుకోండి.

2. ప్రతి రెయిల్ ముందు కొసన స్లైడ్‌ను పట్టి ఉంచే స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని తీసేయండి. తుప్పు పట్టి కదలకపోతే తుప్పు వదిలించే నూనె కొట్టి పావుగంట ఆగండి. బలవంతం చేస్తే తల అరిగిపోయి పని రెండింతలవుతుంది.

3. ట్రాక్‌లో దీర్ఘచతురస్రాకారపు కిటికీలుంటాయి. ట్రాక్‌ను చేత్తో తిప్పి ఒక కిటికీని రెయిల్ కొసకు ఎదురుగా తెచ్చుకోండి. స్లైడ్ ముందు కొసకు చెక్క ముక్క ఆనించి సుత్తితో వెనక్కి కొడితే పాత స్లైడ్ జారి ఆ కిటికీలోంచి బయటికొస్తుంది. దారి చాలకపోతే సస్పెన్షన్ బోల్టులు విప్పి కిందికి దించాల్సి వస్తుంది. కొన్ని మోడళ్లలో అదే సులువు.

4. ఖాళీ అయిన రెయిల్ అంచు పొడవునా, చేతికి గ్లవ్స్ వేసుకుని వేలితో తడుముతూ పోండి. ఎక్కడ గరుకు తగిలినా ఆకురాయితో నున్నగా చేయండి. చిన్న ముల్లంత అంచు చాలు, కొత్త స్లైడ్ లోపలి పెదవిని చీల్చడానికి. రెయిల్ వంగిందేమో స్కేలు ఆనించి చూడండి.

5. స్లైడ్ గాడిలో సబ్బునీళ్లు రాసి వెనుక నుంచి ఎక్కించండి. ఒకరు లోపలికి నెడుతుంటే ఇంకొకరు ముందు నుంచి దారి చూపితే తేలిగ్గా పోతుంది. ఇక్కడ గ్రీజు వాడకండి, ఇసుకను, దుమ్మును పట్టి ఉంచుతుంది.

6. స్క్రూ బిగించండి. వెనుక కొసన స్లైడ్‌కు కదిలే చోటు వదలాలి, రెండో స్క్రూ వేయకూడదు. ఈ ప్లాస్టిక్ వేడికి బాగా సాగుతుంది. 1.4 మీటర్ల స్లైడ్ 60 డిగ్రీలు వేడెక్కితే సెంటీమీటరుకు పైగా పొడుగవుతుంది. రెండు కొసలూ బిగిస్తే మధ్యలో వంకర తిరిగి రెయిల్ నుంచి ఊడుతుంది. ముందుకు నడిచేటప్పుడు క్లిప్పులు స్లైడ్‌ను వెనక్కే లాగుతాయి కాబట్టి ముందు స్క్రూ ఒక్కటి సరిపోతుంది.

ఒక పక్క బాగుందని వదిలేసి ఒక్కటే మార్చకండి, రెండూ కలిపే మార్చాలి. గ్రాఫైట్ కలిపిన నల్ల స్లైడ్లు మామూలు వాటికంటే తేలిగ్గా జారతాయి. వెస్పెల్ అనే వేడికి ఓర్చే పదార్థపు ముక్కలు పొదిగినవీ దొరుకుతాయి. మంచు పల్చగా ఉండే ప్రాంతంలో వీటికి పెట్టే డబ్బు వృథా కాదు. కానీ ఇవి వేసుకున్నామని వట్టి ఐసు మీద నడపవచ్చనుకుంటే పొరపాటు.

ట్రాక్ బిగువు, వరస

బిగువు విషయంలో మీ మోడల్ మాన్యువల్ చెప్పిందే చివరి మాట. ఒక నమూనా చెప్పుకుందాం. చాలా పొలారిస్ మోడళ్లలో వెనుక చక్రం మధ్య భాగం నుంచి 16 అంగుళాల ముందు, ట్రాక్ కింది భాగానికి 10 పౌండ్ల బరువు తగిలిస్తారు. అప్పుడు స్లైడ్‌కు, క్లిప్పుకు మధ్య ఖాళీ 7/8 నుంచి 1 1/8 అంగుళం వరకు ఉండాలి, అంటే సుమారు 22 నుంచి 29 మి.మీ. చేత్తో లాగి అంచనా వేయకండి. స్ప్రింగ్ త్రాసుతో లాగి కొలవండి.

బిగువు ఎక్కువైతే స్లైడ్లు, బేరింగ్‌లు అరుగుతాయి, బండి వేగమూ తగ్గుతుంది. తక్కువైతే గట్టిగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడో, బ్రేకు వేసినప్పుడో ట్రాక్‌ను తిప్పే పళ్ల చక్రం (డ్రైవ్ స్ప్రాకెట్) ట్రాక్ లోపలి పళ్ల మీది నుంచి ఎగిరి పడుతుంది. గొలుసు వదులైన సైకిలును ఎత్తు మీద తొక్కినప్పుడు వచ్చే టకటక చప్పుడే వస్తుంది. ఆ చప్పుడు వినగానే ఆపండి. ప్రతి టక్కుకూ ఒక రబ్బరు పన్ను దెబ్బతింటోంది. కొత్త ట్రాక్ మొదట్లో కొంత సాగుతుంది, అందుకే తొలి ఒకటి రెండు ప్రయాణాల తర్వాత తప్పకుండా మళ్లీ చూడాలి.

బిగువు సరి చేశాక వరస, అంటే ట్రాక్ ఒక పక్కకు జరగకుండా తిన్నగా తిరుగుతోందో లేదో చూడండి. వెనుక భాగం స్టాండ్ మీద గట్టిగా నిలిచిందని నిర్ధారించుకుని, ఇంజిన్‌ను నెమ్మదిగా నడిపి ట్రాక్ తిరగనివ్వండి. ఆ సమయంలో బండి వెనుక ఎవరూ నిలబడకూడదు. ట్రాక్‌లో ఇరుక్కున్న రాయి గానీ, ఊడిన స్టడ్ (పట్టు కోసం ట్రాక్‌కు బిగించే మేకు) గానీ తుపాకీ గుండులా వస్తుంది. ఇంజిన్ ఆపి, ట్రాక్ దానంతట అదే ఆగాక, వెనుక చక్రాలకూ ట్రాక్ పళ్లకూ మధ్య దూరం రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చూడండి. ట్రాక్ ఎడమకు జరిగితే ఎడమ బోల్టును, కుడికి జరిగితే కుడి బోల్టును పావు చుట్టు బిగించి మళ్లీ తిప్పి చూడండి. పిండిమర బెల్టు కూడా ఇంతే, వదులుగా ఉన్న వైపే జరుగుతుంది. వరస కుదిరాక బిగువు మళ్లీ కొలిచి, ఇరుసు బోల్టు బిగించండి. చివరి బిగింపుకు ట్రాక్ కాస్త జరగడం మామూలే, ఇంకోసారి తిప్పి చూసుకోండి.

ట్రాక్‌లో ఏం చూడాలి

1959లో కెనడాలో క్యుబెక్‌లోని వాల్‌కూర్ నుంచి వచ్చిన తొలి స్కీ-డూ స్నోమొబైల్‌లో స్లైడ్లు లేవు, బరువంతా చిన్న చక్రాలే మోసేవి. అడ్డ కడ్డీలు పొదిగిన రబ్బరు ట్రాక్ మాత్రం అప్పటి నుంచీ ఉంది. ఇప్పుడు ఆ కడ్డీలు ఫైబర్‌గ్లాస్‌తో చేస్తున్నారు.

ట్రాక్ అంచును రెండు చేతులా పట్టి ఒక్కో వరుసనూ వంచి చూడండి. కడ్డీ విరిగిన వరుస తడిబట్టలా వేలాడుతుంది. విరిగిన కొస అంచు దాటి బయటికొస్తే ట్రాక్ మీది లోహపు గూడు (టన్నెల్)లో ఉండి ఇంజిన్ కూలెంట్‌ను మంచుతో చల్లార్చే హీట్ ఎక్స్ఛేంజర్‌ను గీకి, కూలెంట్ కారిపోయేలా చేస్తుంది. ఊడిన క్లిప్పులు లెక్కపెట్టండి. క్లిప్పు లేని చోట స్లైడ్ నేరుగా రబ్బరుకు రాసుకుని వెంటనే వేడెక్కుతుంది. వంగిన క్లిప్పు అంచు ప్రతి చుట్టుకూ ప్లాస్టిక్‌ను చిత్రిక పడుతుంది. క్లిప్పులు బిగించే పనిముట్టు విడిగా దొరుకుతుంది, వాటి కోసం ట్రాక్ మార్చనక్కర్లేదు. లోపలి పళ్లు వరుసగా చిరిగిపోయినా, అంచున దారాలు బయటపడినా మాత్రం ట్రాక్ మార్చే వేళ వచ్చినట్టే.

ట్రాక్ బయటి వైపు మంచును పట్టే రబ్బరు దిమ్మెల (లగ్గుల) ఎత్తు మీరు తిరిగే చోటికి తగినట్టు ఉండాలి. చదును చేసిన దారులకు అంగుళం నుంచి అంగుళంన్నర లోపు చాలు. కొండల్లోని లోతు మంచు కోసం చేసిన 2 నుంచి 3 అంగుళాల లగ్గులను గట్టి దారి మీద వేగంగా నడిపితే వేడెక్కి ముక్కలు ముక్కలుగా ఊడిపోతాయి.

బేరింగ్‌లు మార్చేటప్పుడు పాతదాని మీది నంబరు, ఉదాహరణకు 6004 గానీ 6205 గానీ, చూసుకుని రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నదే కొనండి.

నడిపేటప్పుడు

మంచు తక్కువగా, నేల గట్టిగా ఉంటే స్క్రాచర్లు దించండి. రెయిల్స్‌కు బిగించే ఈ స్ప్రింగు తీగలు గట్టి మంచును గీకి పొడి చేసి స్లైడ్ల మీదికి, హీట్ ఎక్స్ఛేంజర్ మీదికి ఎగజిమ్ముతాయి. స్ప్రింగు ఉక్కువి చాలావరకు రివర్స్‌లో వంగిపోతాయి, వెనక్కి తీసే ముందు పైకి తగిలించండి. కేబుల్ రకంతో ఆ బెడద లేదు.

స్క్రాచర్లు లేకపోతే దారి అంచున ఉండే పొడి మంచులోకి కొద్ది నిమిషాలకోసారి దిగి వెళ్లండి. కూలెంట్ ఉష్ణోగ్రత పెరుగుతోందంటే స్లైడ్లకూ మంచు అందడం లేదని అర్థం. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా, బండి ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు బరువెక్కినా అక్కడే ఆపి, ట్రాక్‌లోకి చేత్తో మంచు ఎత్తిపోసి చల్లారనివ్వండి. మైనస్ 25 డిగ్రీల చలిలో ఇంకాస్త జాగ్రత్త. అంత చల్లటి పొడి మంచు సులువుగా కరగదు, నీటి పొర సరిగ్గా ఏర్పడదు.

సాయంత్రం బండి ఆపగానే వెనుక భాగం రెండు మూడుసార్లు ఎత్తి దించి లోపలి మంచు రాల్చేయండి. తెల్లారేసరికి ట్రాక్ స్లైడ్లకు అంటుకుని గడ్డకడితే, యాక్సిలరేటర్ నొక్కి ఊడదీయాలని చూడకండి. డ్రైవ్ బెల్టు, ట్రాక్ పళ్లు రెండూ పోతాయి. మళ్లీ ఎత్తి దించితే ఊడి వస్తుంది.

ట్రెయిలర్ మీద రోడ్డు ప్రయాణం చేశాక ఉప్పు అంటిన క్లిప్పులను, బేరింగ్‌లను మంచినీళ్లతో కడగండి. సీజన్ అయిపోయాక ట్రాక్ బిగువు తగ్గించి, నేలకు ఆనకుండా వెనుక భాగం ఎత్తి, ఎండ తగలని చోట ఉంచండి.