తెరచాప ఎత్తినప్పుడే పడవలోకి నీళ్ళు: పాత ఫైబర్ పడవలకు సమస్య - పరిష్కారం

పడవ రేవులో కట్టేసి ఉన్నన్నాళ్ళూ లోపల పొడిగా ఉంటుంది. ఇంజిన్ మీద ఉప్పుటేరులో తిరిగినా చుక్క రాదు. తెరచాప ఎత్తి సముద్రంలోకి పోయి, గాలి బాగా పట్టి పడవ ఒక పక్కకు ఒరిగి గంటా రెండు గంటలు నడిచిందంటే మాత్రం అడుగున నాలుగైదు బకెట్ల నీళ్ళు చేరి ఉంటాయి. తోడేస్తారు. మర్నాడు పొద్దున చూస్తే మళ్ళీ పొడి.

కృష్ణపట్నం నుంచి కొత్తపట్నం దాకా పాతబడిన ఫైబర్ తెరచాప పడవల గురించి నేను వినే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. వచ్చేవాళ్ళలో చాలామంది అప్పటికే పడవను బోర్లించి అడుగున ఒక పొర మ్యాట్ (గాజు నార గుడ్డ), రెజిన్ (దాన్ని తడిపి గట్టిపరిచే జిగురు) వేయించి ఉంటారు. డబ్బు పోయింది, పడవ బరువు పెరిగింది, నీళ్ళు మాత్రం ఆగలేదు. ఒక్క నిమిషం ఆలోచిస్తే సరిపోయేది. అడుగు భాగం రాత్రీ పగలూ నీళ్ళలోనే ఉంటుంది కదా. అక్కడ చిల్లుంటే రేవులో ఉన్నప్పుడు కూడా కారాలి. ఒరిగినప్పుడే కారుతోందంటే, మామూలుగా నీటికి పైన ఉండి, ఒరిగినప్పుడు నీళ్ళలో మునిగే చోటు ఏదో ఉందన్నమాట.

ముందు ఆ నీళ్ళు రుచి చూడండి

ఎన్నిసార్లు చెప్పినా ఈ పని ఎవరూ చెయ్యరు. డీజిల్, పెట్రోలు వాసన లేకపోతే వేలి కొసతో ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని ఉమ్మేయండి. చప్పగా ఉంటే అది వాన నీరు. పైనుంచి వచ్చింది కాబట్టి అడుగు జోలికి పోనక్కర్లేదు. ఉప్పగా ఉంటేనే మిగతా వెతుకులాట.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పరీక్షలో ఒక తిరకాసు ఉంది. ఈశాన్య రుతుపవనాల వానలకు పెన్న సముద్రంలో కలిసే చోటా, కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరులోనూ బయటి నీళ్ళే చప్పబడిపోతాయి. అందుకని ఆ నెలల్లో పడవ లోపలి నీళ్ళూ, పక్కన ఏటి నీళ్ళూ రెండూ రుచి చూసి పోల్చుకోవాలి. నాలుక మీద నమ్మకం లేకపోతే రొయ్యల చెరువున్న వాళ్ళను అడగండి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది. మన జిల్లాల్లో దానికి కొరత లేదు. ఎండాకాలంలో సముద్రపు నీళ్ళు 30 నుంచి 35 పీపీటీ (వెయ్యి పాళ్ళ నీళ్ళలో ఉప్పు పాళ్ళు) మధ్య చూపిస్తాయి, వాన నీళ్ళు సున్నా దగ్గర. 10, 12 అలా వచ్చిందంటే రెండూ కలిశాయి, లేదా అడుగున ఎండిన పాత ఉప్పు వాన నీళ్ళలో కరిగింది. అలాంటప్పుడు మంచినీళ్ళతో అడుగంతా కడిగి, ఆరబెట్టి, ఇంకోసారి సముద్రంలోకి పోయొచ్చి చూడండి.

రుచి తేలాక, పనిముట్లు బయటికి తీసే ముందు మూడు చోట్లు చూడాలి. వెనక నీళ్ళు వదిలే బిరడా వాషర్ ఎండకు గట్టిపడి పగిలిందేమో చూడండి, కొత్తది వేయడానికి ఖర్చు ఏముంది? పంపు పైపు బయటికి తెరుచుకునే చోటు ఒరిగినప్పుడు నీళ్ళలో మునుగుతోందేమో చూడండి. మునిగితే, పైపును లోపల పైదాకా ఎత్తి వంచి కట్టకపోతే సముద్రం అదే దారిలో లోపలికి పారుతుంది. ఒక ట్రిప్పుకు ఆ రంధ్రంలో గుడ్డ కుక్కి చూస్తే తేలిపోతుంది, పంపు అవసరమైతే పీకేయడం మర్చిపోవద్దు. మూడోది, మధ్యలో దించే పలక ఉన్న పడవలైతే ఆ పలక పెట్టె అడుగు మూలలు. గాలి ఒత్తిడికి పలక పక్కకు నెట్టినప్పుడు మాత్రమే విచ్చుకునే సన్నని పగుళ్ళు అక్కడ వస్తాయి. పడవ ఒడ్డున ఉన్నప్పుడు ఒక మనిషి పలక కొస పట్టుకుని అటూ ఇటూ గట్టిగా ఊపితే, లోపల ఉన్న మనిషికి టార్చి వెలుగులో పగులు కదలడం కనిపిస్తుంది.

ఏ వైపు ఒరిగితే వస్తున్నాయి?

ఈ మూడూ బాగున్నాయంటే, ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది. మన తీరం ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది కాబట్టి తేల్చుకోవడం సులువు. మధ్యాహ్నం సముద్రపు గాలి తూర్పు, ఆగ్నేయం నుంచి వీస్తుంది. కృష్ణపట్నం నుంచి మైపాడు వైపు ఉత్తరంగా పోతుంటే గాలి మీ కుడి పక్కన తగిలి పడవ ఎడమకు ఒరుగుతుంది. తిరిగి వస్తుంటే గాలి ఎడమ పక్కన తగిలి కుడికి ఒరుగుతుంది. పోయేటప్పుడు బయల్దేరిన గంటకు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు గంటకు ఒకసారి తోడి, రెండు లెక్కలూ విడిగా రాసుకోండి. పోయేటప్పుడు ఎక్కువైతే ఎడమ అంచు, వచ్చేటప్పుడు ఎక్కువైతే కుడి అంచు. సగం పడవను వెతకక్కర్లేకుండా పోయింది.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. గట్టి వాన పడ్డాక, పడవ కదలకుండానే నీళ్ళు చేరుతున్నాయా? చేరుతుంటే దారి పై బల్లలో, అంటే పడవను పైన కప్పే భాగంలో ఉంది. వానకు చేరకుండా ఒరిగినప్పుడే చేరుతుంటే దారి అంచు కింద, పడవ చుట్టూ అంచుకు తొడిగిన రబ్బరు బీడింగ్ (పట్టీ) వెనక ఉంది.

అసలు దొంగ: బీడింగ్ వెనక జాయింటు

ఫైబర్ పడవను రెండు ముక్కలుగా పోస్తారు. అడుగు గుల్ల ఒకటి, పై బల్ల ఒకటి. రెంటినీ అంచు దగ్గర ఒకదానిమీద ఒకటి కూర్చోబెట్టి, మధ్యలో పుట్టీ పెట్టి, స్క్రూలో రివెట్లో బిగించి, పైన రబ్బరు బీడింగ్ కప్పేస్తారు. కొత్తలో ఏ బాధా ఉండదు. పదిహేనేళ్ళు ఎండకు పుట్టీ పెళుసుబారుతుంది. పడవ జెట్టీకి కొట్టుకున్నప్పుడు, ఇసుక మీదికి ట్రాక్టరుతో లాగేటప్పుడు అంచుకు మోకు తగిలించినప్పుడు ఆ జాయింటు కొంచెం కొంచెంగా కదులుతుంది. అల్యూమినియం రివెట్లయితే ఉప్పుకు తెల్ల పొడిగా మారి రాలిపోతాయి. వాటి పక్కన ఎవరైనా స్టీలు బోల్టు వేసి ఉంటే ఇంకా తొందరగా పోతాయి. బయటినుంచి చూస్తే బీడింగ్ నల్లగా నిగనిగలాడుతూ బాగానే ఉంటుంది. వెనక చూస్తే వేలెడు పొడవున జాయింటు నోరు తెరుచుకుని ఉంటుంది.

ఇది అంత తేలిగ్గా ఎందుకు దొరకదంటే, నీళ్ళు కనిపించే చోటు వేరు, లోపలికి దూరే చోటు వేరు. అంచు దగ్గర దూరిన నీళ్ళు లోపలి లైనింగుకూ బయటి గుల్లకూ మధ్య సందులో జారి, పలక పెట్టె పక్కనో వెనక బిరడా దగ్గరో బయటపడతాయి. చూసిన మేస్త్రి నీళ్ళున్న చోటే గ్రైండర్ పెడతాడు. జువ్వలదిన్నె వైపు ఒక పడవకు పలక పెట్టె చుట్టూ మూడు పొరల మ్యాట్ వేసి ఉంది. బీడింగ్ ఊడదీస్తే ఎడమ అంచున ముందు నుంచి మధ్యదాకా ఒక్క రివెట్టూ గట్టిగా లేదు.

పై బల్ల మీద దారి ఉంటే అది ఇంకా ప్రమాదం. తెరచాప కొయ్యను నిలబెట్టే వైర్ల కింది కొసను పట్టుకునే స్టీలు పట్టీలు బల్లను చీల్చుకుని లోపలికి దిగుతాయి. రేవులో వైరు వదులుగా ఉన్నప్పుడు సందు మూసుకుని ఉంటుంది. గాలి పట్టినప్పుడు పట్టీ పైకి లాగుతుంది, సందు తెరుచుకుంటుంది, అల తుంపర లోపలికి పోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు గాలి తగులుతూ ఉంటేనే తుప్పు పట్టకుండా ఉంటుంది. గాలి ఆడని తడి సందులో నిలవున్న ఉప్పునీళ్ళలో అది లోపల్లోపల గుంటలు పడి సన్నబడుతుంది, పైన మెరుస్తూనే ఉంటుంది. పట్టీ చుట్టూ గోధుమరంగు చార కనిపిస్తే దాన్ని తుడిచేసి ఊరుకోకండి. ఆ పట్టీ తెగితే కొయ్య కింద పడుతుంది, దాని కింద మనుషులుంటారు. ఒక్క బోల్టు విప్పి చూడండి. గుంటలుంటే ఆ పక్కవే కాదు, రెండు పక్కల పట్టీలూ, బోల్టులూ మార్చండి, ఉప్పునీళ్ళకు తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడిగి తీసుకోండి. అయస్కాంతం పెట్టి రకం తేల్చే అలవాటు నమ్మదగినది కాదు, 316 బోల్టు కూడా కొంచెం అంటుకోవచ్చు.

ముగ్గుపిండితో చోటు పట్టుకోవడం

పడవను ఒడ్డుకు తెచ్చి, లోపల పూర్తిగా ఆరబెట్టి, అంచు పొడవునా లోపలి వైపు, పట్టీల చుట్టూ ముగ్గుపిండి పలచగా చల్లండి. చెయ్యి అందని చోట బ్రష్షుతో అద్దండి. లోపల ఒక మనిషి టార్చి పట్టుకుని కూర్చోవాలి. బయట పైపుతో నీళ్ళు పట్టే మనిషి కింది నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అంతటా జారి ఏది ఎక్కడిదో తెలియదు. ప్రెషర్ గన్ వద్దు, మామూలు ధార చాలు. మూర పొడవుకు పది నిమిషాలు ఓపికగా పట్టండి. చుక్క దూరిన చోట ముగ్గు నల్లబడి గీతలా కిందికి దిగుతుంది. ఆ గీత పై కొస మీద మార్కరుతో గుర్తు పెట్టండి.

బాగుచేయడం

గుర్తు పెట్టిన చోటుకు అటూ ఇటూ ఒక మీటరు బీడింగ్ ఊడదీయండి. ఎండలో అయితే రబ్బరు మెత్తబడి చీలకుండా వస్తుంది. రివెట్లు, స్క్రూలు తీసేసి, పాత పుట్టీని హాక్సా బ్లేడుతో గీకి, మంచినీళ్ళతో బాగా కడగండి. ఉప్పు మిగిలితే చెమ్మ పోదు. రెండు మూడు రోజులు ఆరనివ్వండి. తర్వాత ఎసిటోన్ గుడ్డతో తుడవండి.

బల్ల మధ్యలో ప్లైవుడ్ ఉంటే స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. గట్టి చోట టక్కుమంటుంది, కుళ్ళిన చోట మొద్దుగా మోగుతుంది. కుళ్ళు బోల్టు చుట్టూ మాత్రమే ఉంటే రంధ్రం పెద్దది చేసి, వంచిన మేకును డ్రిల్లుకు తగిలించి లోపలి తడి చెక్కను తోడేసి, ఎపాక్సీ పుట్టీతో నింపి, గట్టిపడ్డాక మళ్ళీ సరైన సైజుకు రంధ్రం వేయండి. అప్పుడు బోల్టు చుట్టూ చెక్క ఉండదు, ఎపాక్సీయే ఉంటుంది, నీళ్ళు దూరినా కుళ్ళేదేమీ లేదు.

జాయింటులోకి పాలీయురేథేన్ సీలెంటు పెట్టండి, సికాఫ్లెక్స్ లాంటిది. సిలికోన్ వద్దు. బాత్రూం టైల్సుకు అది బాగుండొచ్చు కానీ ఇక్కడ కొన్నాళ్ళకే ఊడిపోతుంది, పైగా సిలికోన్ తగిలిన చోట తర్వాత వేరే ఏదీ అంటుకోదు. పాత సిలికోన్ ఉంటే పూర్తిగా గీకేదాకా ముందుకు పోవద్దు. చెయ్యి అందే చోటల్లా రివెట్లకు బదులు బోల్టు, వెడల్పు వాషర్, నట్టు వేయండి. బిగించేటప్పుడు పైన బోల్టు తలను కదలకుండా పట్టుకుని లోపల నట్టునే తిప్పాలి. తల తిరిగితే దాని చుట్టూ సీలెంటు తెగిపోతుంది. అంతా పిండేసేలా బిగించకండి, పలచని పొర మధ్యలో మిగలాలి. వారం రోజులు పడవను కదపకండి.

ఎక్కువమంది ఈ పని వేట నిషేధం రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్య పెట్టుకుంటారు. ఎండ బాగానే పనికొస్తుంది కానీ దీంతోపాటు మ్యాట్, పాలియెస్టర్ రెజిన్ పని కూడా పెట్టుకుంటే జాగ్రత్త. రోహిణి ఎండల్లో మధ్యాహ్నం కలిపితే మ్యాట్ తడిసేలోపే డబ్బాలో గట్టిపడుతుంది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ కొంచెం కొంచెంగా కలుపుకోండి. రెజిన్‌ను గట్టిపరిచే క్యాటలిస్ట్‌ను నూటికి ఒకటిదాకా తగ్గించవచ్చు, అంతకన్నా తగ్గిస్తే సరిగా గట్టిపడదు. గట్టిపడడాన్ని వేగం చేసే కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ క్యాటలిస్ట్‌నూ ఒకదానితో ఒకటి నేరుగా ఎప్పుడూ కలపకండి, పేలుతుంది. ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది పోయాలి.

నీళ్ళలోకి దించాక లోపల ముగ్గుపిండి అలాగే ఉంచి, రెండు వైపులా ఒరిగేలా ఒక ట్రిప్పు నడపండి. ముగ్గు తెల్లగానే ఉంటే బీడింగ్ తిరిగి ఎక్కించండి. అప్పటిదాకా ఎక్కించవద్దు.

ఇవి కూడా ఉంటాయి, అరుదు

చుక్కాని కీళ్ళ బోల్టుల నుంచి రావచ్చు, వెనక గోడకు తడి గీత కనిపిస్తుంది, విప్పి సీలెంటు పెట్టి బిగిస్తే అయిపోతుంది. లోపలి ఇంజిన్ ఉన్న పడవలైతే ఫ్యాను షాఫ్టు బయటికి పోయే చోట నీళ్ళు ఆపే గ్లాండ్ నుంచి, షాఫ్టు తిరిగేటప్పుడు చుక్కలు కారడం మామూలే. ఆగి ఉన్నప్పుడు కూడా కారుతుంటే నట్టు కొంచెం బిగించండి, తగ్గకపోతే గ్లాండ్ లోపల కుక్కిన ప్యాకింగ్ తాడు మార్చండి. అడుగున పొక్కులు చూసి టెన్షన్ పడేవాళ్ళున్నారు. ఆ పొక్కుల వల్ల నీళ్ళు లోపలికి రావు. పడవ ఒడ్డెక్కినప్పుడు గీకి, బాగా ఆరబెట్టి, ఎపాక్సీతో పూడిస్తే చాలు.